సున్నాకి వేలెక్కడిది

రాస్తున్నావా? సరే, నేను ఆగకుండా చెప్పుకుపోతాను, నువ్వు ఆగకుండా రాసుకుపో. చెయ్యి నొప్పెడితే చెప్పు, కాసేపు ఊరుకుంటాను. ఊరుకోవడం నాకు చేతకాదని మీ తాతయ్య అనేవారు. ఎలా చేతనవుతుంది? చిన్నప్పుడు ఇద్దరి మాటలూ నేనొక్కదాన్నే మాట్లాడాల్సి వచ్చింది. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

ఆ రెండో మనిషి మా చెల్లి. నాకంటే మూడేళ్ళు చిన్న. పుట్టినప్పుడు అందరు పిల్లల్లాగే ఉండేది, చప్పట్లు కొడితే నవ్వేది. రెండో ఏడు నడుస్తుండగా పెద్ద జ్వరం వచ్చింది. చాలా రోజులు వదల్లేదు. చివరికి జ్వరం పోయింది, పోతూ పోతూ వినికిడిని పట్టుకుపోయింది. వినపడనిదానికి మాటెక్కడ వస్తుంది? అదీ రాలేదు. అప్పట్లో వీధిలో అందరూ 'మూగది' అనేసేవారు, దాని మొహం మీదే. దానికి వినపడదు కదా అని ధైర్యం. నాకు వినపడేది కదమ్మా! అందుకే వీధిలో సగం మందితో నాకు తగువు.

ఇంట్లో మేం దాన్ని పాపా అనేవాళ్ళం. తర్వాత్తర్వాత అదీ మానేశాం. పిలిచి ఏం లాభం? కావాలంటే నేల మీద కాలితో గట్టిగా ఒక్కటి తన్నేవాళ్ళం. పాదాలకి తెలిసేది దానికి, చటుక్కున తిరిగి చూసేది.

ఇప్పుడు మా నాన్న సంగతి చెప్పాలి, లేకపోతే నీకు తర్వాతిది ఏమీ అర్థం కాదు. నాన్న అనకాపల్లి బెల్లం బజారులో దలారీ. కోటవురట్ల వైపు నించి రైతులు బళ్ళ మీద బెల్లం దిమ్మలు వేసుకుని వచ్చేవారు. రైతు తరఫున నాన్న బేరం ఆడాలి, ఎదర వర్తకుడు ఉంటాడు. ఆ బేరం నోటితో ఆడేవారనుకున్నావా? కాదు! ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ఆడేవారు. ఒక వేలు నొక్కితే ఒకటి. రెండు నొక్కితే రెండు. గుప్పెడు వేళ్ళూ పట్టుకుంటే ఐదు. గుప్పెడు పట్టి, దాని మీద ఇంకో వేలు నొక్కితే ఆరు. అలా తొమ్మిది దాకా. పైకి మాత్రం 'మీ అల్లుడు వచ్చేడా', 'శారదానదిలో నీరు తగ్గిందా' అని వేరే కబుర్లు. పక్కన నిలబడ్డవాడికి ధర తెలియకూడదు, అదీ కిటుకు.

ఇంకో మర్యాద కూడా ఉంది. బేరం కుదరదనుకుంటే తువ్వాలు కింద పిడికిలి బిగిస్తారు. పిడికిలి తగిలిందంటే ఇంక మాటల్లేవు. అవతలివాడు తువ్వాలు లాగి, దులిపి, భుజాన వేసుకుని లేచి వెళ్ళిపోవలసిందే. కూర్చుంటే పరువు తక్కువ.

అమ్మకి చంకలో చంటి తమ్ముడు. చెల్లి వీధిలోకి పరిగెత్తేస్తే వెనక బండి వస్తున్నా వినపడదు. అందుకని నాన్న రోజూ దాన్ని బజారుకి తీసుకుపోయి పక్కన గోనె మీద కూర్చోబెట్టుకునేవాడు. ఒకరోజు నాన్నా, సాయిబు మావా బేరంలో ఉన్నారు. సాయిబు మావ అంటే నాన్న దగ్గర ఏళ్ళ తరబడి బెల్లం కొనే వర్తకుడు. నాన్నని బావా అని పిలిచేవాడు, మమ్మల్ని కోడళ్ళంటూ ఆటపట్టించేవాడు. మధ్యలో ఆయన ఉలిక్కిపడ్డాడట.

"బావా, తువ్వాలు కింద మూడో సెయ్యి ఉందేటి?"

"మా గుంటది. ఒగ్గీ, ఆడుకుంటంది."

"ఆటేటి బావా! నాను నాలుగంటే అది ఐదంటంది! నీకంటే గట్టి దలారీలా ఉంది. షాబాష్!"

ఆ మాట నాన్న ఇంటికి వచ్చి ఎన్నిసార్లు చెప్పుకున్నాడో! ఆ రోజు నించి మా ఇంట్లో అన్నాలప్పుడు అదే వేడుక. చేతుల మీద తువ్వాలు కప్పి నాన్న దాన్ని అడిగేవాడు. రెండు వేళ్ళు నొక్కి, తర్వాత మూడు నొక్కేవాడు. అది గుప్పెడు పట్టుకునేది. గుప్పెడు పట్టి రెండు వేళ్ళు వెనక్కి మడిచేవాడు. అది మూడు పట్టుకునేది. కూడికలు, తీసివేతలు, అన్నీ! నేను బడిలో వేళ్ళు లెక్కపెట్టుకుని, కాలివేళ్ళు కూడా లెక్కపెట్టుకుని తప్పు చెప్పేదాన్ని. అది తప్పేది కాదు. నాకు ఒళ్ళు మండేది, గర్వంగానూ ఉండేది. రెండూ రాయి.

ఇంక బడి. మాది ఆడపిల్లల బడి, రెండు వీధుల అవతల ఒక పెంకుటింట్లో. యుద్ధం రోజులు కదా, వైజాగు మీద బాంబులు పడ్డాయని అక్కడివాళ్ళు మూటలు కట్టుకుని మా ఊరు వచ్చేశారు. మా పంతులమ్మ అలా వచ్చినావిడే. బడి మొత్తానికి ఆవిడొక్కరే. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తలనొప్పి ఉన్నట్టు కళ్ళు చిట్లించుకుని ఉండేది.

చెల్లికి ఏడేళ్ళు వచ్చేసరికి బజారు మీద మనసు పోయింది. నా వెనకాల బడికి రావడం మొదలుపెట్టింది. నేను పలక పట్టుకుని బయల్దేరితే పది అడుగుల వెనక అది. గుమ్మంలో కూర్చునేది. పంతులమ్మ వెళ్ళమని చెయ్యి ఊపేది. వీధి చివరి దాకా వెళ్ళేది. పంతులమ్మ బోర్డు వైపు తిరగ్గానే మళ్ళీ వచ్చి గుమ్మంలో కూర్చునేది. రోజుకి ఎన్నిసార్లో! ఒకరోజు పంతులమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టేసి నన్ను పిలిచింది.

"ఏమే, రేపటి నించి దాన్ని ఇంట్లో కట్టేసి రా."

"దూడా ఏటండీ కట్టేయడానికి?"

పిల్లలందరూ కిసుక్కుమన్నారు. ఆవిడకి కోపం వచ్చిందనుకున్నాను, కానీ రాలేదు. గొంతు తగ్గించింది.

"నాకు జాలి లేక కాదే. ఏడాదికోసారి ఇనస్పెక్టరమ్మ వస్తారు. ప్రతి పిల్లనీ లేపి అడుగుతారు. నోరు విప్పని పిల్ల ఒకర్తె ఉంటే, పంతులమ్మకి చెప్పడం రాదని రాసి పోతారు. అప్పుడు బడే ఉండదు. మీరందరూ ఇంటికి, నేను రోడ్డు మీదకి."

నాకు నోరు ఊరుకోదని చెప్పానా లేదా?

"దానికి లెక్కలు వచ్చండి. నాకంటే బాగా వచ్చు."

"నీకంటే బాగా రావడం ఏం గొప్పే?"

మళ్ళీ కిసుక్కు. నాకు చెవులు వేడెక్కాయి. "మీకంటే కూడా బేగి సేత్తాది!" అనేశాను. అమ్మో! అన్నాక నాకే భయం వేసింది. ఆవిడ నన్నూ, గుమ్మంలో ఉన్న చెల్లినీ చూసింది.

"సరే. ఇనస్పెక్టరమ్మ వచ్చే దాకా గుమ్మంలో కూర్చోనీ. ఆవిడ వచ్చిన రోజు, ఆవిడ ఎదుట ఒక్క లెక్క చెయ్యాలి. చేస్తే రిజిస్టరులో పేరు ఎక్కిస్తాను. చెయ్యకపోతే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదు. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను! అమ్మనడగలేదు, నాన్ననడగలేదు, చెల్లినడగడానికి నాకు భాషే లేదు. ఒప్పేసుకున్నాను.

ఇంటికెళ్ళి చెబితే నాన్న తొడ చరిచాడు. "ఒక్క లెక్కేటే, వంద సేత్తాది మా గుంట!" అన్నాడు. అమ్మ మాత్రం కవ్వం ఆపేసింది.

"నలుగురి మధ్యా నిలబెట్టి నవ్విత్తారేటి దాన్ని? ఇప్పుడు గుమ్మంలోనయినా కూకుంటంది. తప్పితే అదీ పోద్ది కాదేటి?"

నిజం చెప్పనా, అమ్మ అన్నదే సరి. అది వినేదాకా నాకు ఆ సంగతి తట్టలేదు. గెలిస్తే లోపలికి, ఓడితే గుమ్మం కూడా లేదు.

మర్నాడు అసలు చిక్కు కనిపెట్టాను. చెల్లికి వేళ్ళ లెక్క వచ్చు, పలక మీద అంకెలు రావు! ఇనస్పెక్టరమ్మకి వేళ్ళ లెక్క రాదు. మధ్యలో పలకే దిక్కు. ఇంక చూసుకో, అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. చెల్లి వేలు ఒకటి నొక్కడం, పలక మీద ఒకటి రాయడం. రెండు నొక్కడం, రెండు రాయడం. మొదట్లో దానికి ఆ గీతలేమిటో తెలియలేదు. బలపం లాక్కుని పిల్లి బొమ్మ గీసేసింది. నాలుగో రోజునో ఐదో రోజునో నేను నాలుగు రాశాను, అది నా చెయ్యి పట్టుకుని నాలుగు వేళ్ళు నొక్కింది. నొక్కి నా మొహంలోకి చూసింది. నేను కేక పెట్టాను. అమ్మ పెరట్లోంచి చంటివాడితో పరిగెత్తుకొచ్చింది, తేలు కుట్టిందనుకుని. ఆ తర్వాత దాని చేతిలో బలపం ఆగలేదు! గోడ మీద అంకెలు, గడప మీద అంకెలు, పిండి చల్లిన చేట మీద అంకెలు. తొమ్మిది దాకా అన్నీ వచ్చేశాయి.

మిగిలింది సున్నా. సున్నాకి ఎలా నొక్కాలి? నాన్నని అడిగాను.

"ఓసి, సున్నాకి ఏలెక్కడిదే? సున్నా బెల్లం ఎవడు కొంటాడు!"

"మరి పదికి ఏటి సేత్తారు?"

"పదికీ ఒక ఏలే. వందకీ ఒక ఏలే. ఎదురుగా బెల్లం కనపడతంది కదా. ఒకటో, పదో, వందో ఆ మాత్రం తెలీనోడు బజారుకెందుకు?"

చూశావా? బజారులో ఎవరికీ ఇబ్బంది లేదు, నాకే వచ్చింది. నేనే ఒక తెలివి ఉపయోగించాను. ఏమీ లేకపోవడమే కదా సున్నా అంటే అని తువ్వాలు కింద పిడికిలి బిగించాను. అంతే! చెల్లి నా చెయ్యి విదిలించి, మొహం ముడుచుకుని, తువ్వాలు లాక్కుని, లేచి పోయింది. పిడికిలంటే బేరం లేదని కదా! రెండు రోజులు నా దగ్గరికి రాలేదు. ఇంక సున్నా జోలికి పోలేదు నేను. పదిలోపు లెక్క అడక్కపోతుందా అని ధైర్యం చెప్పుకున్నాను.

ఇనస్పెక్టరమ్మ వచ్చేసింది. జట్కా గంట వినపడగానే పంతులమ్మ కొంగు సర్దుకుని, సర్దినదే మళ్ళీ సర్దుకుంది. దిగినావిడ కొంచెం లావు, కళ్ళజోడు, చేతికి గడియారం. ఆడవాళ్ళ చేతికి గడియారం చూడడం మాకదే మొదలు. సగం మంది పిల్లలు ప్రశ్న వినకుండా గడియారమే చూస్తూ నిలబడ్డారు. పద్యాలయ్యాయి, ఎక్కాలయ్యాయి. నన్ను పన్నెండో ఎక్కం అడిగితే ఏడు దగ్గర ఆగిపోయాను, అది రాయకు. చివరికి ఆవిడ చూపు గుమ్మం మీద పడింది.

"ఆ అమ్మాయి ఎవరు? లోపలికి రాదేం?"

పంతులమ్మ చెప్పింది. వినపడదనీ, మాట రాదనీ, దాని అక్క పందెం వేసిందనీ అంతా చెప్పింది. దాచలేదు, అదొకటి మెచ్చుకోవాలి. ఇనస్పెక్టరమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "చేయించు, చూద్దాం" అంది నాతో.

నేను నాన్న తువ్వాలు సంచిలోంచి తీశాను. చెల్లిని కూర్చోబెట్టి, చేతుల మీద కప్పి, మూడు నొక్కి, నాలుగు నొక్కాను. అది పలక మీద ఏడు రాసింది! ఎంత చక్కటి ఏడు! నేను ఎగిరి గంతేశాను. పిల్లలందరూ చప్పట్లు.

పంతులమ్మ గొంతు సవరించుకుంది. "అమ్మా, ఒక మాట. తువ్వాలు కింద ఏం జరిగిందో మనకి తెలీదు. అక్కే ఏడు అని చెప్పేసి ఉండొచ్చు."

నాకు ఏడుపొచ్చింది. కానీ ఆవిడన్నది న్యాయమే, నేను లెక్క అడిగానో జవాబు చెప్పానో ఎవరు చూశారు?

"అయితే నేనే అడుగుతాను," అంది ఇనస్పెక్టరమ్మ. కుర్చీ దిగి, చాప మీద, మా చెల్లి ఎదురుగా కూర్చుంది! పట్టుచీర నలుగుతుందని కూడా చూడలేదు. నేను చెవిలో అంతా చెప్పాను, వేలికి ఒకటి, గుప్పెడికి ఐదు అని. పిడికిలి సంగతి మాత్రం చెప్పడం మర్చిపోయాను. ఎక్కడైనా ఎవరైనా పిడికిలి బిగించి మొదలుపెడతారా అనుకున్నాను.

ఆవిడ మొదలుపెట్టింది! పెద్దింటి ఆడవాళ్ళు చెయ్యి ముడిచి ఒళ్ళో పెట్టుకుంటారు కదా, అలాగే ముడిచిన చేతిని తువ్వాలు కిందకి పోనిచ్చింది, ఏ అంకె అడగాలా అని ఆలోచిస్తూ. చెల్లికి పిడికిలి తగిలింది. ఇంకేముంది! తువ్వాలు సర్రున లాగింది. రెండుసార్లు దులిపింది. దుమ్ము ఇనస్పెక్టరమ్మ కళ్ళజోడు మీద పడింది. తువ్వాలు భుజాన వేసుకుని, అచ్చం మా నాన్నలాగే ఛాతీ విరుచుకుని, మెట్లు దిగి, వీధిలో పడి పోతోంది!

బడంతా గొల్లుమంది. పంతులమ్మ తల పట్టుకుంది.

"క్షమించండమ్మా, మర్యాద తెలీని పిల్ల."

"మర్యాద తెలుసు కాబట్టే లేచిపోయిందండీ!" అని నేను అరుస్తూ పరిగెత్తాను. జట్కా గుర్రం పక్కన దాన్ని పట్టుకున్నాను. రానంటుంది. చెయ్యి పట్టి లాగితే కూలబడుతుంది. దానికి ఎంత పౌరుషమో! నేను దాని ముందు కూర్చుని, నా వేళ్ళు బాగా విప్పి చూపించి, లోపల ఇనస్పెక్టరమ్మ వైపు చూపించి, మళ్ళీ వేళ్ళు విప్పి చూపించి బతిమాలాను. కాసేపు నన్ను చూసి, మళ్ళీ తువ్వాలు దులిపి, లోపలికి వచ్చింది. ఈ లోపల ఇనస్పెక్టరమ్మకి ఎవరో పిల్ల బజారు మర్యాద చెప్పేసినట్టుంది. ఆవిడ నవ్వు ఆపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది.

"తప్పు నాదే. బేరం మొదలుపెట్టకుండానే పొమ్మన్నాను," అంది.

ఈసారి చెయ్యి విప్పి పెట్టింది. రెండూ ఆరూ అడిగిందట. చెల్లి ఎనిమిది రాసింది. తొమ్మిదిలోంచి ఐదు తీసెయ్యమందట. నాలుగు రాసింది. నేను ఎక్కడో తువ్వాలు బయట, గోడకి అంటుకుని ఉన్నాను. ఇంక చాలని లేస్తుందనుకున్నాను. ఆవిడకి హుషారొచ్చేసింది! ఇంకొక్కటి అంది. ఆరూ నాలుగూ అడిగింది.

చెల్లి ఒకటి రాసింది.

ఒకటి! పక్కన ఏమీ లేదు. రాసి, ఆవిడ మొహంలోకి నవ్వుతూ చూసింది. ఇనస్పెక్టరమ్మ నవ్వు తగ్గింది. పంతులమ్మ మెల్లిగా, "పాపం, ఇంతవరకు వచ్చింది" అంది. గుమ్మం పోయింది, లోపలా పోయింది అనుకున్నాను. నాకు ఏమొచ్చిందో, ఒక్క కేక పెట్టాను.

"సున్నాకి ఏలు లేదండీ! దానికి పది తెలుసు! పదికీ ఒక ఏలే, ఒకటికీ ఒక ఏలే! బెల్లం ఎదురుగా ఉంటే దానికి తెలుస్తాది! సున్నా నాను నేర్పలేదు, తప్పు నాదండీ!"

ఇనస్పెక్టరమ్మ నన్నోసారి చూసి, చిన్నపిల్లలు లెక్కలకి దాచుకున్న చింతపిక్కల డబ్బా ఇటిమ్మంది. ఒక పిక్క ఒకవైపు పెట్టింది. పది పిక్కలు ఇంకోవైపు కుప్ప పోసింది. ఒక పిక్క చూపించి, పలక మీద ఒకటి చూపించింది. తర్వాత కుప్ప చూపించి, అదే ఒకటి చూపించింది. రెండూ ఒకటేనా అన్నట్టు చెయ్యి తిప్పింది.

చెల్లి నవ్వు ఆగింది. ఇటు చూసింది, అటు చూసింది. ఒకటి, కుప్ప. కుప్ప, ఒకటి. నాన్న ఇన్నాళ్ళూ తనని మోసం చేశాడన్నట్టు నా వైపొక చూపు చూసింది! అప్పుడు ఇనస్పెక్టరమ్మ బలపం తీసుకుని, ఒకటి పక్కన గుండ్రంగా సున్నా చుట్టి, కుప్ప మీద చెయ్యి పెట్టింది.

చెల్లి ఆ సున్నా మీద వేలితో చుట్టూ గీసింది. ఒకసారి, రెండుసార్లు. చెరిగిపోయేదాకా గీసింది. తర్వాత తువ్వాలు పక్కన పారేసింది. ఇనస్పెక్టరమ్మ చెయ్యి దగ్గరకి లాక్కుని, చూపుడువేలు ఒకటి నొక్కి, ఆ వేలికి తన బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఉంగరంలా చుట్టింది. చుట్టి, చింతపిక్కల కుప్ప వైపు గడ్డం ఊపింది.

సున్నాకి వేలు దొరికేసింది! ఎవరు చెప్పారు దానికి? నేను కాదు, నాన్న కాదు!

ఇనస్పెక్టరమ్మ గబగబా ఇంకో పది పిక్కలు లెక్కపెట్టి, రెండో కుప్ప పోసింది. చెల్లి ఆవిడ రెండు వేళ్ళు కలిపి పట్టుకుంది, ఉంగరం చుట్టింది, పలక తీసుకుంది, రెండు రాసి పక్కన సున్నా పెట్టింది. ఇరవై! ఇరవై అనే అంకె అది పుట్టాక ఎవరూ దానికి రాసి చూపించలేదు. ఇప్పుడు చెబుతుంటే కూడా చూడు, నా చేతి మీద రోమాలు లేచాయి.

"పంతులమ్మగారూ, రిజిస్టరు తియ్యండి," అంది ఇనస్పెక్టరమ్మ చాప మీంచి లేస్తూ. "నా రిపోర్టులో ఈ పిల్ల సంగతి నేనే రాస్తాను. మీ బడికి మంచే జరుగుతుంది. పిల్ల పేరేమిటి?"

పంతులమ్మ కలం సిరాలో ముంచి నా వైపు చూసింది. నేను నోరు తెరిచాను. తెరిచి ఊరుకున్నాను. నేను! ఊరుకున్నాను! దాని పేరు నాకు తెలియదు, అమ్మా. సొంత చెల్లెలు. పాప అని తెలుసు, వీధివాళ్ళు అనేది తెలుసు, అసలు పేరు తెలియదు.

"పాప అని రాయనా?" అంది పంతులమ్మ.

"వద్దండీ! ఉందండీ పేరు! అడిగి వత్తాను!"

"నాకు రైలు వేళయింది," అని ఇనస్పెక్టరమ్మ గడియారం చూసుకుంది. "తొందరగా రా."

బజారే దగ్గర. పరిగెత్తాను చూడు! బళ్ళ మధ్య నించి, ఎద్దుల కొమ్ముల కింద నించి, బెల్లం చుట్టూ ముసిరిన తేనెటీగల్లోంచి. నాన్న సాయిబు మావతో తువ్వాలు కింద బేరంలో ఉన్నాడు. తువ్వాలు కింద చెయ్యి ఉన్నప్పుడు దలారీని పలకరించకూడదు, మా ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు.

"నాన్నా! పాప పేరేటి?"

"ఏటే, ఏటయింది?"

"బళ్ళో రాత్తన్నారు! బేగి సెప్పు! ఇనస్పెక్టరమ్మకి రైలెళ్ళిపోతంది!"

నాన్న ఆకాశం వైపు చూశాడు. పెదాలు కదిపాడు. నాన్న కూడా మర్చిపోయాడా అనుకున్నాను. సాయిబు మావ తువ్వాలు కింద నించి తన చెయ్యి తనే తీసేసుకున్నాడు. "బేరం ఎక్కడికీ పోదు బావా, ముందు పిల్లకి సెప్పు" అన్నాడు. అప్పుడు నాన్న పైకి లేచి నిలబడి, బజారంతా వినపడేలా చెప్పాడు దాని పేరు. జ్వరం వచ్చాక ఆ పేరు పైకి అనడం అదే మొదలనుకుంటాను.

"ఇంత మంచి పేరెట్టి ఇన్నాళ్ళూ దాసేసినావేటి బావా!" అన్నాడు సాయిబు మావ.

ఆ పేరు ఇక్కడ రాయకు. దాని మనవలకి తెలిస్తే చాలు. నేను ఆ పేరు పైకి అంటూ అంటూ వెనక్కి పరిగెత్తాను, మర్చిపోతానేమోనని. దారిలో ఎవరో "ఎవర్నే పిలుత్తన్నావు?" అని అడిగారు. జవాబు చెబితే పేరు జారిపోతుందని చెప్పలేదు. ఇనస్పెక్టరమ్మ ఒక కాలు జట్కా మెట్టు మీద పెట్టి ఉంది. నన్ను చూసి దిగింది. లోపలికి వచ్చి, పంతులమ్మ రాస్తుంటే పక్కన నిలబడి, సిరా ఆరేదాకా చూసి, అప్పుడు వెళ్ళింది.

అప్పటికే మళ్ళీ గుమ్మంలోకి పోయి కూర్చున్న చెల్లిని పంతులమ్మ లేపి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, మొదటి వరసలో నా పక్కన పలక మీద కూర్చోబెట్టింది. పలకంటే రాసుకునేది కాదు, కూర్చునే చెక్క. చెల్లి రెండు చేతులతో ఆ చెక్క అంచులు పట్టుకుని కూర్చుంది.

బడి వదిలే గంట కొట్టారు. పిల్లలందరూ తూనీగల్లా ఎగిరిపోయారు. అది లేవలేదు. నేను చెయ్యి పట్టి లాగాను, లేవలేదు. ఇంటివైపు చూపించాను, తలడ్డంగా ఊపింది. లేస్తే మళ్ళీ గుమ్మమే అనుకుంది కాబోలు! పంతులమ్మ తాళంచెవి పట్టుకుని నిలబడింది, నిలబడింది, చివరికి మా పక్కనే కూలబడింది.

"రేపు కూడా బడి ఉంటుందని చెప్పవే దానికి," అంది.

ఎలా చెప్పను? ఒకటి నించి తొమ్మిది దాకా చెప్పగలను, ఆ రోజు నించి పది కూడా చెప్పగలను. రేపు అని చెప్పడానికి మా దగ్గర ఏ వేలూ లేదు. నేను నిద్రపోయినట్టు చేసి చూపించాను, లేచినట్టు చేశాను, పంతులమ్మ తలుపు తీసినట్టు చేసింది, నేను లోపలికి వచ్చినట్టు చేశాను. ఇద్దరం కలిసి ఆ ఖాళీ బళ్ళో నాటకమాడాం! పంతులమ్మ కొంగు భుజం మీంచి జారిపోయింది, చూసుకోలేదు. చెల్లి మమ్మల్నిద్దర్నీ విడ్డూరంగా చూసింది. అర్థమయిందో లేదో తెలీదు. చివరికి ఆకలి వేసి లేచింది.

మర్నాడు నేను లేచేసరికి ఇంట్లో లేదు. అమ్మ నూతి దగ్గర వెతికింది, నాన్న బజారుకి పరిగెత్తాడు. నేను నిద్రమొహంతోనే బడికి పరిగెత్తాను. బడికింకా తాళం వేసే ఉంది. చెల్లి తలుపుకి వీపు ఆనించి, తల దువ్వుకోకుండా, నేను రాసుకునే పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నా పలక! నాకు ఒళ్ళు మండి ఒక్కటిచ్చాను. అదీ నాకొకటిచ్చింది. పంతులమ్మ తాళంచెవితో వచ్చేసరికి ఇద్దరం జుట్టూ జుట్టూ పట్టుకుని ఉన్నాం.